నంజుకోవడానికో నవల

శనివారం సాయంత్రం ఏడున్నర. రెస్టారెంట్‌లో రెండు బల్లలు దగ్గరికి జరిపి ఎనిమిది కుర్చీలు వేశారు. బల్ల మీద ఒకే నవల నాలుగు రూపాల్లో ఉంది. ఒకటి అట్ట నలగని కొత్త ప్రతి. ఒకటి అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద బేరమాడి కొన్నది, మొదటి పేజీలో ఎవరో ఎవరికో రాసిన పుట్టినరోజు శుభాకాంక్షలతో సహా. ఒకటి జిరాక్సు. నాలుగోది ఫోన్‌లో. మిగతా నలుగురూ పుస్తకం తేలేదు. వారిలో ఇద్దరు అసలు చదవలేదు, ఒకరు సినిమా చూసి వచ్చారు, ఇంకొకరు సగం చదివి ముగింపు ఎవరూ చెప్పొద్దని షరతు పెట్టారు. వెయిటర్ మెనూ కార్డులు పంచేసరికి మాత్రం ఎనిమిది మందీ ఒకేసారి చదవడం మొదలుపెట్టారు.

ఇది ఏ ఒక్క బృందం కథా కాదు. హైదరాబాద్, బెంగళూరు, ముంబయి, ఢిల్లీల్లో పుస్తకాల పేరు చెప్పుకుని కలిసే స్నేహితుల్లో ఎవరిని తీసుకున్నా ఇంచుమించు ఇదే దృశ్యం. నియమం సులువైనది. నెలకో నవల. ఈ నెల నవలను ఎంపిక చేసినవారే హోటల్‌ను కూడా ఎంపిక చేయాలి, ఆ రెండింటికీ పొంతన కుదరాలి. కేరళ నవలైతే అప్పం, ఇష్టూ. పార్సీ నవలైతే ధన్‌సాక్. బెంగాలీ నవలైతే ఆవ పెట్టిన పులస, అదేనండీ, వాళ్ల ఇలిష్. లాటిన్ అమెరికా నవలైతే మాత్రం కొంచెం చిక్కే. మెక్సికో వంట పేరుతో మన నగరాల్లో దొరికేది మొక్కజొన్న చిప్స్ మీద ఒలకబోసిన చీజ్. లారా ఎస్కివెల్ 1989లో రాసిన ‘లైక్ వాటర్ ఫర్ చాకొలెట్’లో గులాబీ రేకుల సాస్‌తో వండిన కౌజు పిట్టల కూర తిన్న కథానాయిక అక్కకు మతిపోతుంది. ఇక్కడి చిప్స్ తింటే దాహం వేస్తుంది.

పైకి చూస్తే ఇదంతా జీతం బాగా వచ్చేవాళ్ల సరదా. వెక్కిరించడం చాలా తేలిక. సాహిత్యమంటే మరీ అంత ప్రేమే ఉంటే ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చుగా అనే పెద్దలకు కొదవలేదు. అయితే ఆ పెద్దలు వెళ్లే సాహిత్య సభల్లోనూ రెండో వక్త లేచే సమయానికి చూపులన్నీ ఉప్మా వాసన వస్తున్న వైపే ఉంటాయన్నది గుర్తు చేయడం సభ్యత కాదు. తిండి లేని గోష్ఠి మూడు నెలలకు మించి నడవడం కష్టం. చదవనివాళ్లు సిగ్గుపడి రావడం మానేస్తారు, చదివినవాళ్లు విసుగొచ్చి మానేస్తారు. భోజనం ఉంటే చదవనివాళ్లు కూడా వస్తారు, వచ్చి వింటారు, విన్న తర్వాత వారిలో ఒకరిద్దరు చదువుతారు. అంతకన్నా గొప్ప ప్రయోజనాన్ని ఆశిస్తే నిరాశ తప్పదు.

ఈ సంగతిని అందరికన్నా బాగా కనిపెట్టిన నవల ఒకటుంది. 2008లో వచ్చిన ‘ద గెర్న్‌సీ లిటరరీ అండ్ పొటాటో పీల్ పై సొసైటీ’. మేరీ ఆన్ షాఫర్ మొదలుపెట్టగా ఆమె మేనకోడలు ఆనీ బారోస్ పూర్తి చేశారు. పుస్తకం అచ్చయ్యేనాటికి షాఫర్ బతికిలేరు. 1940 నుంచి 45 దాకా జర్మన్ల ఆక్రమణలో ఉన్న గెర్న్‌సీ దీవిలో కొందరు ఇరుగుపొరుగులు దాచిపెట్టిన పందిని రహస్యంగా కాల్చుకుతిని, కర్ఫ్యూ వేళ దాటాక ఇళ్లకు వెళుతూ గస్తీ సైనికులకు దొరికిపోతారు. వారిలో ఒక యువతి తడుముకోకుండా అబద్ధమాడుతుంది, సాహిత్య సంఘం సమావేశం నుంచి వస్తున్నామని. ఇక చేసేది లేక మర్నాటి నుంచి నిజంగానే సంఘం నడపాల్సి వస్తుంది. తినడానికి ఏమీ పెట్టకపోతే రానని ఒక సభ్యుడు భీష్మించుకోవడంతో బంగాళాదుంప తొక్కలతో ఒక పై తయారవుతుంది. పైపెచ్చు తొక్కలే, లోపల మెదిపిన దుంప, తీపి కోసం బీట్‌రూట్ రసం. పిండి, వెన్న, చక్కెర దొరకని రోజులవి మరి. ముందు విందు, తర్వాత అబద్ధం, ఆ తర్వాతే సాహిత్యం. మన శనివారం బృందాలు చాలావరకు ఈ వరుసలోనే పుట్టాయి, పంది, జర్మన్ గస్తీ తప్ప.

నవలకూ హోటల్‌కూ ముడిపెట్టడంలో మాత్రం డబ్లిన్ నగరానిదే పెద్దన్న పాత్ర. జేమ్స్ జాయిస్ ‘యులిసిస్’ 1922లో వచ్చింది, కథ జరిగేది 1904 జూన్ 16న. ఆ మధ్యాహ్నం లియొపొల్డ్ బ్లూమ్ ఒక హోటల్లోకి అడుగుపెట్టి, అక్కడ జనం ఆవురావురుమంటూ తింటున్న తీరు చూసి కడుపులో తిప్పి బయటపడతాడు. తర్వాత డ్యూక్ స్ట్రీట్‌లోని డేవీ బర్న్స్‌లో గోర్గొంజోలా చీజ్ శాండ్‌విచ్, ఒక గ్లాసు బర్గండీ వైన్‌తో సరిపెట్టుకుంటాడు. ఏటా జూన్ 16న అదే చోట అదే శాండ్‌విచ్ కోసం అభిమానులు బారులు తీరతారు. వారిలో నవల చివరిదాకా చదివినవారెందరని అడగడం మర్యాద కాదు. గమనించాల్సింది ఇంకోటి ఉంది. బ్లూమ్ పారిపోయి వచ్చింది గుంపుగా కూర్చుని తినే చోటు నుంచి.

ఇక మనదాకా వస్తే. భారతీయ ఇంగ్లిష్ నవలకు వంటింటితో ఉన్న బంధం చిన్నది కాదు. సల్మాన్ రష్దీ ‘మిడ్‌నైట్స్ చిల్డ్రన్’ (1981)లో సలీం సినాయ్ పచ్చళ్ల ఫ్యాక్టరీలో కూర్చుని తన జీవితాన్ని, దేశ చరిత్రను ముప్ఫై జాడీల్లో ఊరబెడతాడు. ముప్ఫై ఒకటో జాడీ ఖాళీ. అరుంధతీ రాయ్ ‘ద గాడ్ ఆఫ్ స్మాల్ థింగ్స్’ (1997)లో అమ్మమ్మ పచ్చళ్ల కంపెనీ చేసే అరటిపండు జామ్‌ను అధికారులు నిషేధిస్తారు. అది జెల్లీ కన్నా పల్చన, జామ్ కన్నా చిక్కన, కాబట్టి ఏ వర్గంలోకీ రాదట. ఝుంపా లాహిరి ‘ద నేమ్‌సేక్’ (2003) మొదలయ్యేదే అమెరికా వంటింట్లో నిండు గర్భిణి ఒకామె డబ్బాలోని రైస్ క్రిస్పీస్‌లో పల్లీలు, ఉల్లిపాయ ముక్కలు కలుపుకుంటూ కలకత్తా వీధుల్లోని మరమరాల రుచి కోసం తంటాలు పడటంతో. ఎంత కలిపినా ఏదో తక్కువవుతుంది. అమెరికాలో మొదటి ఏడాది గోంగూర కోసం వెతికిన తెలుగువాళ్లకు ఆ పేజీని విడమరిచి చెప్పక్కర్లేదు.

చిక్కంతా మెనూ కార్డు దగ్గరే వస్తుంది. రోహింటన్ మిస్త్రీ నవల చర్చించడానికి ముంబయి బలార్డ్ ఎస్టేట్‌లో 1923లో మొదలైన బ్రిటానియాకు వెళ్లాలని, బెర్రీ పులావ్ తినాలని ఎవరికి మాత్రం ఉండదు! అక్కడిదాకా వెళ్లలేనివారు తమ ఊళ్లోనే ఏదో పార్సీ భోజనం వెతుక్కుని, సంబరంగా ధన్‌సాక్ తెప్పించుకుంటారు. పప్పులు, కూరగాయలు, మాంసం కలిపి వండే ఈ వంటకం సంప్రదాయం ప్రకారం చావు జరిగిన ఇంట్లో నాలుగో రోజున మాంసం మళ్లీ ముట్టుకునేటప్పుడు వండేది. ఆదివారం మధ్యాహ్నం కమ్మగా తిని నిద్రపోయే పార్సీలు కూడా దాన్ని పెళ్లిలోనూ పుట్టినరోజునాడూ వడ్డించరు. అంటే పుస్తక బృందం తన వార్షికోత్సవానికి ధన్‌సాక్ తిందంటే, ఏ ముంబయి మిత్రుడో పెదవి కొరుక్కుంటున్నాడన్నమాట.

అదే మిస్త్రీ ‘సచ్ ఎ లాంగ్ జర్నీ’ (1991)ని తీసుకుంటే ఎందుకు పెదవి కొరుక్కోవాలో ఇంకా బాగా తెలుస్తుంది. బ్యాంకు గుమాస్తా గుస్తాద్ నోబుల్ క్రాఫర్డ్ మార్కెట్ నుంచి బతికున్న కోడిని ఇంటికి తెస్తాడు. కూతురి పుట్టినరోజు, కొడుక్కి ఐఐటీలో సీటు, రెండూ కలిపి పండగ. చిన్నపిల్ల కోడికి మాలిమి అవుతుంది, కోడి ఇల్లంతా పరుగులు పెట్టిస్తుంది, చివరికి విందు వేళ కొడుకు ఐఐటీకి వెళ్లనంటాడు. కోడికూర ఎవరికీ సహించదు. ఐఐటీ కోచింగ్ ఊళ్లకు పిల్లల్ని పంపే తెలుగు ఇళ్లలో ఈ అధ్యాయం గురించి మాట్లాడుకోవడానికి ఏ హోటలూ అవసరం లేదు, ఏ భోజనాల బల్లయినా సరిపోతుంది. (ఈ నవలను 2010లో ముంబయి విశ్వవిద్యాలయం పాఠ్యప్రణాళిక నుంచి తీసేశారు. కోడి వల్ల కాదు, రాజకీయ పార్టీ విద్యార్థి విభాగం ఆగ్రహం వల్ల.)

కేరళ హోటల్లో ‘చెమ్మీన్’ గురించి మాట్లాడుకుంటూ రొయ్యల వేపుడు తినడం మరో ముచ్చట. తగళి శివశంకర పిళ్లై 1956లో రాసిన ఆ నవలను అందరూ ప్రేమకథగానే గుర్తుపెట్టుకున్నారు, 1965లో వచ్చిన సినిమా పుణ్యమా అని. కానీ కథ మొదలయ్యేది బాకీతో. పడవ, వల కొనుక్కోవడానికి చెంబన్‌కుంజుకు డబ్బు సాయం చేసింది యువ వ్యాపారి పరీకుట్టి. ఆ బాకీ తీరదు, పరీకుట్టి చితికిపోతాడు. రొయ్యల ప్లేటు ఖాళీ అయ్యాక బిల్లు ఎవరు కట్టాలన్న మాట వచ్చినప్పుడు ఎవరైనా ఆ సంగతి గుర్తు చేస్తే బాగుంటుంది.

బిల్లు మాట వచ్చింది కాబట్టి చెప్పుకోవాలి. ఇలాంటి బృందాలు సాహిత్య విభేదాల వల్ల చీలిపోయిన దాఖలాలు తక్కువ. చీల్చేది బిల్లే. ఎనిమిది వాటాలు సమానంగా వేస్తే ఆలూ కూర, రెండు రొట్టెలు తిన్నవాడు పక్కవాడి పీతకూ విస్కీకీ వాటా కడతాడు. ఎవరిది వారు కట్టుకుందామంటే స్నేహితుల మధ్య ఆ లెక్కలేమిటని మొహమాటం. ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పే స్నేహితురాలు మూడు నెలలు వస్తుంది. నాలుగో నెల పిల్లాడికి జ్వరం, ఐదో నెల పరీక్ష పేపర్లు దిద్దాలి. ‘ఈ మధ్య బొత్తిగా కనబడటం లేదేంటే’ అని ఫోన్ చేసినవాళ్లకు ‘తీరిక దొరకడం లేదే’ అంటుంది. నవలలన్నీ అందరికన్నా ముందు చదివేది ఆమే. ఆమె మానేశాక చర్చ గంట నుంచి ఇరవై నిమిషాలకు పడిపోతుంది, భోజనం మాత్రం రెండు గంటలే.

అసలు హోటల్ అనేదే మన సాహిత్యంలో డబ్బుకూ కులానికీ ముడిపడ్డ చోటు. గురజాడ ‘కన్యాశుల్కం’లో పూటకూళ్లమ్మను మరిచిపోగలమా! సంతలో సామాను తెమ్మని ఆమె ఇచ్చిన డబ్బును గిరీశం మధురవాణి మీద ఖర్చు పెట్టేస్తాడు. ఆమె చీపురు పట్టుకుని అతగాణ్ణి వెతుక్కుంటూ రావడానికి మించిన హోటల్ బిల్లు తెలుగులో మరొకటి లేదు. విభూతిభూషణ్ బందోపాధ్యాయ్ 1940లో రాసిన ‘ఆదర్శ హిందూ హోటల్’లో రాణాఘాట్ రైల్వేస్టేషన్ దగ్గర వంటవాడు హజారి ఠాకూర్ కథ ఉంది. చేతివంట అమోఘం, బతుకు మాత్రం యజమాని తిట్లూ పనిమనిషి పద్మ దెప్పిపొడుపులూను. నదిఒడ్డున కూర్చుని ఎప్పటికైనా సొంత హోటల్ పెట్టాలని కలలు కంటాడు. ఆ కలకు పెట్టుబడి పెట్టేది బ్యాంకు కాదు. గొల్లల ఇంటి విధవరాలు కుసుం, సంపన్నుల అమ్మాయి అతసి తమ దగ్గర దాచుకున్న డబ్బు తీసి అతని చేతిలో పెడతారు. హోటల్లో కూర్చుని చదవదగ్గ నవలల్లో ఇంతకు మించినది లేదు. ఎందుకంటే పుస్తకం మూసేసరికి ప్లేట్లోది ఎలా ఉందన్న ప్రశ్న పోయి, అది వండినవాడికి నెలకు ఎంత ఇస్తున్నారన్న ప్రశ్న మిగులుతుంది.

ఆ హోటల్ పేరులో ‘హిందూ’ ఎందుకుందో కూడా అడగాలి. రైలు దిగిన ప్రయాణికుడికి వండింది ఎవరు, పక్కన కూర్చుని తింటున్నది ఎవరు అన్న భయం తీర్చడానికి. వండేవాడు బ్రాహ్మణుడైతే భయం పూర్తిగా తీరుతుంది, హజారికి ఉద్యోగం దొరకడానికి అతని చేతివంటతో పాటు పుట్టుక కూడా కారణం. దక్షిణాదిన ‘బ్రాహ్మణ భోజన హోటల్’ బోర్డులు స్వాతంత్ర్యం వచ్చాక కూడా వేలాడాయి. 1957లో మద్రాసులో మురళీ కేఫ్ బోర్డు మీది ‘బ్రాహ్మణ’ పదాన్ని తీసేయించడానికి పెరియార్ అనుచరులు ఉద్యమమే చేయాల్సి వచ్చింది. అందరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని డబ్బిచ్చి తినడం ఈ దేశంలో ఎవరో పోరాడి సాధించుకున్న సౌకర్యం.

మరి ఆకలి నవల వంతు వచ్చినప్పుడు? ప్రతి బృందానికీ ఎప్పుడో ఒకప్పుడు ఈ నెల వస్తుంది. అదే విభూతిభూషణ్ రాసిన ‘అశని సంకేత్’ 1943 నాటి బెంగాల్ కరవు గురించి. ఇరవై, ముప్ఫై లక్షల మందిని బలిగొన్న కరవది. ఊరికి పంతులూ పూజారీ అయిన గంగాచరణ్ ఇంట్లోనే బియ్యం నిండుకుంటాయి, జనం అడవి దుంపలు తవ్వుకుంటారు, చెరువుల్లో నత్తలు ఏరుకుంటారు. 1973లో సత్యజిత్ రాయ్ తీసిన సినిమాకు బెర్లిన్‌లో స్వర్ణ భల్లూకం వచ్చింది. ఈ నవల చర్చించడానికి బెంగాలీ రెస్టారెంట్‌లో కోషా మాంగ్షో తెప్పించుకుంటే ఎలా ఉంటుంది? ప్రేమ్‌చంద్ ‘కఫన్’ కథనైతే తినకుండా చదవడం కూడా కష్టమే. గుడిసెలో కోడలు పురిటి నొప్పులతో చస్తుంటే బయట తండ్రీకొడుకులు ఎక్కడ వాటా తగ్గుతుందోనని లేవకుండా కాల్చిన బంగాళాదుంపలు తింటారు. ఆమె చనిపోయాక గుడ్డ కోసం పోగుచేసిన డబ్బుతో పూరీలు, వేపుడు, సారాయి. మిగిలిన పూరీలు బిచ్చగాడికి వేసి, జన్మలో తొలిసారి దానం చేసిన ఆనందం అనుభవిస్తారు. వాళ్లను అసహ్యించుకోవడానికి సిద్ధమైన పాఠకుడికి ప్రేమ్‌చంద్ ఆ అవకాశం పూర్తిగా ఇవ్వడు.

ఓంప్రకాశ్ వాల్మీకి ‘జూఠన్’ (1997) దగ్గరకు వచ్చేసరికి హోటల్ వెతకడం అనే ఆటే ఆగిపోతుంది. నవల కాదు, ఆత్మకథ. పేరుకు అర్థం ఎంగిలి. ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ జిల్లా బర్లా గ్రామంలో పెళ్లి విందుల తర్వాత విస్తళ్లలో మిగిలిన పూరీ ముక్కలే ఆ వాడకు ఆహారం. ఎండబెట్టి దాచుకుంటే వానాకాలంలో నానేసి, ఉడికించి తినడానికి పనికొస్తాయి. బెల్లం కలిస్తే విందే. ఒక పెళ్లిలో రోజులతరబడి చాకిరీ చేసిన రచయిత తల్లి పిల్లలకు కాస్త అన్నం పెట్టమని అడిగితే, ఆ ఇంటి పెద్ద ఎంగిలి బుట్ట వైపు చూపిస్తాడు. ఆమె ఆ బుట్టను అక్కడే కుమ్మరించి, పిల్లల చేయి పట్టుకుని వెళ్లిపోతుంది. మళ్లీ ఆ గడప తొక్కదు.

ఈ పుస్తకానికి ఏ హోటల్ తగినది? కొందరు భోజనం మానేసి టీతో సరిపెడదామంటారు. ఇంటికెళ్లి తింటారు కాబట్టి అది ఉపవాసం కాదు, ఆలస్యం. ఇంకొందరికి హైదరాబాద్‌లో 2014లో మొదలైన ఐదు రూపాయల భోజనం గుర్తొస్తుంది. కారు దిగి ఎనిమిది మంది ఆ వరుసలో నిలబడితే కూలికి వచ్చిన ఎనిమిది మందికి ప్లేట్లు తగ్గుతాయి, అంతే. మూడో దారి కొంచెం నయం. మెనూ కార్డులో లేనిదేమిటో చదవడం. 2009లో పుణె విశ్వవిద్యాలయ మహిళా అధ్యయన కేంద్రం దళిత స్త్రీల వంట జ్ఞాపకాలను పోగుచేసి, ఈ పళ్లెం భారతీయం కాదా అని శీర్షికలోనే అడిగింది. మరాఠ్వాడా దళితుల వంటల మీద శాహూ పటోళే 2015లో మరాఠీలో రాసిన పుస్తకం పేరుకు అర్థం, అన్నం అపూర్ణబ్రహ్మం. అన్నం పరబ్రహ్మ స్వరూపమని గోడ మీద రాసుకునే హోటళ్ల దేశంలో ఆ ఒక్క అక్షరం ఎంత పదునైనదో! రక్తం వంటకాలు, ఎండబెట్టిన మాంసం తునకలు అందులో ఉన్నాయి. 2024లో ఇంగ్లిష్‌లోకీ వచ్చింది. ఈ వంటలకు ప్రత్యేకించిన రెస్టారెంట్ కోసం వెతికితే దొరకడం కష్టం. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విద్యార్థులు బీఫ్ పండగ చేసుకుంటే కత్తిపోట్లదాకా వెళ్లింది. మెనూ కార్డులో ఏముండాలో తేల్చేది వంటమాస్టారు ఒక్కడే కాదని అప్పుడు తెలుగు పత్రికలు చదివినవారికి గుర్తుండే ఉంటుంది.

బృందంలో ఎవరూ ఏ హోటలూ సూచించలేని ఆ నెలలో కూడా పుస్తకం ఆపనక్కర్లేదు. ఎవరో ఒకరింట్లో కలవచ్చు. మానేసిన స్నేహితురాలు ఆ నెల రావచ్చు కూడా, బిల్లు ఉండదు కాబట్టి. అయితే ఇంట్లో కలిసినా ప్రశ్న వదలదు. వంట చేసినామె ఏ ప్లేట్లో తింటుంది, ఎక్కడ కూర్చుని తింటుంది? మిస్త్రీ ‘ఎ ఫైన్ బ్యాలెన్స్’ (1995)లో దీనా దలాల్ మొదట్లో ఇంటికి పనికొచ్చిన దర్జీలు ఈశ్వర్, ఓంలకు వేరే కప్పుల్లో టీ ఇస్తుంది. ఎమర్జెన్సీ రోజులు ముదిరేకొద్దీ ఒకే వంటింట్లో, ఒకే పొయ్యి మీద ఆమె, వాళ్లిద్దరూ, అద్దెకున్న విద్యార్థీ కలిసి వండుకుంటారు. చపాతీలు చేయడం దర్జీలకే బాగా వచ్చు. చివరి పేజీలు చదవనివారు క్షమించాలి. కథ 1984కు వచ్చేసరికి దీనాకు సొంత ఇల్లు లేదు, అన్న పంచన బతుకుతోంది. దర్జీలిద్దరూ బిచ్చగాళ్లు. ఈశ్వర్‌కు కాళ్లు లేవు, చక్రాల పలక మీద కూర్చోబెట్టి ఓం తాడుతో లాక్కొస్తాడు. మధ్యాహ్నం వదిన రూబీ ఇంట్లో లేని వేళ చూసి వాళ్లు పెరటి గుమ్మం దగ్గరకు వస్తారు. దీనా ఇంట్లోవాళ్లు తినే ప్లేట్లలోనే వడ్డిస్తుంది. వాళ్లు వెళ్లిపోయాక ఆ రెండు ప్లేట్లూ కడిగి, రాత్రి అన్నా వదినల భోజనానికి అందేలా యథాస్థానంలో పెట్టేస్తుంది.